ఎన్‌హెచ్‌ఎల్ ఫార్వర్డ్‌కి ఒడ్డూ పొడుగూ ముఖ్యమా, మొండితనమా?

ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ గురించి టెక్సస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. "మా వాడికి పన్నెండేళ్ళు. లెఫ్ట్ వింగ్, అంటే ఎడమ వైపు ఫార్వర్డ్‌గా ఆడతాడు. జట్టులో అందరికంటే పొట్టి. వచ్చే సీజన్ నుంచి బాడీ చెకింగ్ (ఎదుటివాణ్ణి ఒంటితో గుద్ది ఆపడం) మొదలవుతుంది. సైజు లేకపోతే ఫార్వర్డ్‌గా నిలబడలేడని తోటి పేరెంట్స్ అంటున్నారు. వాడి అభిమాన ఆటగాడు లోగన్ స్టాంకోవెన్‌ని డాలస్ స్టార్స్ వదులుకుని మికో రాంటనెన్‌ని తెచ్చుకున్నప్పటి నుంచి వాడికీ అదే అనుమానం. ఎన్‌హెచ్‌ఎల్‌లో అసలు లెక్క ఏమిటి? వీడికి ఇప్పటి నుంచే బరువు పెంచాలా?"

స్టాంకోవెన్ సంగతి ముందు తేల్చేద్దాం, అది మీ వాడి మనసులో ముల్లులా గుచ్చుకుంటున్నట్టుంది కాబట్టి. 2025 మార్చిలో డాలస్ చేసిన పని పొట్టివాణ్ణి ఇచ్చి పొడుగువాణ్ణి తెచ్చుకోవడం కాదు. రాంటనెన్ 2022-23, 2023-24 సీజన్లు రెండింటిలోనూ వందకు పైగా పాయింట్లు (గోల్స్, గోల్‌కి దారితీసిన పాస్‌లు కలిపి) చేశాడు. లీగ్ మొత్తం గాలించినా అలాంటి ఫార్వర్డ్‌లు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే దొరుకుతారు. 6 అడుగుల 4 అంగుళాల ఎత్తు అతనికి కలిసొచ్చింది, అంతే. వచ్చి రెండు నెలలు తిరక్కముందే, మొదటి రౌండ్ ఏడో మ్యాచ్‌లో, తన పాత జట్టు కొలరాడో మీదే మూడో పీరియడ్‌లో హ్యాట్రిక్ కొట్టాడు. ఆ ఆటను ఎత్తు ఆడలేదు, చేతులు ఆడాయి. ఇక అవతలి వైపు చూడండి. అప్పటికి రాంటనెన్ ఉన్న జట్టు కరోలైనా హరికేన్స్. అంతటివాణ్ణి వదులుకుంటూ ఆ జట్టు డ్రాఫ్ట్ పిక్‌లతో (కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో వంతులతో) పాటు తీసుకున్న ఆటగాడు 5 అడుగుల 8 అంగుళాల స్టాంకోవెన్. ఆ వేసవిలోనే అతనికి ఎనిమిదేళ్ళ కాంట్రాక్టు రాసిచ్చారు. సైజు మీద అనుమానం ఉన్నవాళ్ళు ఎనిమిదేళ్ళు రాసివ్వరు.

నేను కెనడాలో, మిస్సిసాగాలో ఉంటాను. చాలా ఏళ్ళుగా పిల్లల జట్లకు కోచింగ్‌లో సాయం చేస్తున్నాను, ఈల పట్టుకుని రిఫరీగానూ నిలబడ్డాను. మీ తోటి పేరెంట్స్ అన్న మాట ఇక్కడ ప్రతి రింక్ బయటా వినిపిస్తుంది. అందులో కొంత నిజం ఉంది. కాకపోతే గట్టితనం అంటే గుద్దడం అనుకుని మాట్లాడతారు, చిక్కంతా అక్కడే. ఫార్వర్డ్ విషయంలో అసలు పరీక్ష గుద్దడంలో లేదు, గుద్దుతారని తెలిసీ చేస్తున్న పని పూర్తిచేయడంలో ఉంది.

ఒక్క దృశ్యం చెప్తాను, వచ్చే మ్యాచ్‌లో మీరే గమనించండి. లెఫ్ట్ వింగర్ తన జోన్‌లో (సొంత గోల్ వైపు భాగంలో) ఎడమ బోర్డుకు, అంటే రింక్ చుట్టూ ఉండే గోడకు, దగ్గరగా నిలబడతాడు. గోల్ వెనక నుంచి అతని జట్టు డిఫెన్స్‌మన్ పక్‌ని (ఆటలో కొట్టే రబ్బరు బిళ్ళని) బోర్డు అంచు వెంబడి గట్టిగా పంపుతాడు. పక్ బోర్డును రాసుకుంటూ, కొద్దిగా ఎగిరెగిరి పడుతూ వస్తుంది. సరిగ్గా అప్పుడే ఎదుటి జట్టు డిఫెన్స్‌మన్ బ్లూ లైన్ (జోన్ హద్దు గీత) వదిలి కిందికి దూసుకొస్తాడు. వందకిలోల మనిషి, మంచి వేగంలో ఉన్నాడు. పక్కూ మనిషీ దాదాపు ఒకేసారి చేరతాయని వింగర్‌కి తెలుసు.

ఇక్కడ వింగర్ చేయగలిగినవి రెండే. పిరికివాడైతే పక్ మీది నుంచి చూపు తిప్పేస్తాడు. ఒంటి బరువు వెనక్కి వెళ్తుంది, ఒక కాలు లేస్తుంది, స్టిక్ మీద చెయ్యి సడలుతుంది. పక్ స్టిక్ కింది నుంచి జారిపోయి ఎదుటి జట్టుకు దొరుకుతుంది. దాంతో మరో నిమిషం పాటు సొంత జోన్‌లోనే అయిదుగురూ ఊపిరాడక ఇరుక్కుంటారు. బయటి నుంచి చూసేవాళ్ళకు అతను భయపడినట్టు కూడా కనిపించదు, ఏదో పక్ తప్పిపోయిందిలే అనుకుంటారు. గట్టివాడు అలా చేయడు. మోకాళ్ళు వంచి, తుంటిని బోర్డు వైపు తిప్పి, చూపు పక్ మీదే ఉంచి, రెండడుగుల దూరం దాన్ని ముందుకు తోస్తాడు. ఆ వెంటనే దెబ్బ తగులుతుంది, బోర్డు మీది అద్దం దడదడలాడుతుంది. అప్పటికే పక్ బ్లూ లైన్ దాటిపోయి ఉంటుంది, సెంటర్ (మధ్యలో ఆడే ఫార్వర్డ్) దాని వెంట పరిగెడుతుంటాడు. స్కోర్‌షీట్‌లో హిట్ అవతలివాడి పేరు మీద పడుతుంది. మనవాడి పేరు మీద ఏమీ రాయరు. కోచ్ మాత్రం మర్నాడు వీడియోలో ఆ ముక్క దగ్గర ఆపి, వెనక్కి తిప్పి అందరికీ చూపిస్తాడు.

మన కబడ్డీలో కూతకు వెళ్ళినవాడితో పోల్చవచ్చు. పట్టుకుంటారని తెలిసే వెళ్తాడు, పట్టుబడినా చెయ్యి గీత మీద పడాలన్నదే లెక్క. కూతకు దిట్టలందరూ బండోళ్ళు కారన్నది మీకూ తెలిసిన విషయమే.

అలాగని సైజును తీసిపారేయకూడదు. ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడి సగటు ఎత్తు 6 అడుగుల 1 అంగుళం, బరువు 90 కిలోల చిల్లర. పొడుగువాడికి చెయ్యి పొడుగు, స్టిక్ పొడుగు. పక్‌ని ఒంటికి అవతలి వైపు పెట్టి వీపుతో కాపాడుకుంటే పొట్టి డిఫెన్స్‌మన్‌కి అందదు. గోలీలు (గోల్‌కీపర్లు) ఇప్పుడు చాలామంది 6 అడుగుల 3, 4 అంగుళాలున్నారు. వాళ్ళ కళ్ళకు అడ్డం నిలబడాలంటే ఎత్తు పనికొస్తుంది. వాషింగ్టన్ టామ్ విల్సన్‌ని చూడండి. 6 అడుగుల 4 అంగుళాలు, వంద కిలోలు. మొదట్లో అందరూ అతన్ని గుద్దే మనిషిగానే చూశారు. 2018లో ప్రీసీజన్ మ్యాచ్‌లో తలకు తగిలేలా కొట్టినందుకు 20 మ్యాచ్‌ల సస్పెన్షన్ పడింది, అప్పీల్‌లో అది 14కు తగ్గింది. అదే మనిషి 2024-25లో 33 గోల్స్ కొట్టాడు. అంత ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషికి చేతి పనితనం కూడా తోడైతే ఎదుటి డిఫెన్స్‌మన్ పక్ కోసం మూలకు వెళ్ళేటప్పుడు ఒక్క క్షణం వెనక్కి తిరిగి చూసుకుంటాడు. ఆ ఒక్క క్షణం చాలు.

సైజు ఇచ్చే ఇంకో లాభం మంచు మీద కనిపించదు, అదే నాకు కాస్త మంటగా ఉంటుంది. పొడుగువాడి విషయంలో స్కౌట్‌లు (జట్ల కోసం కుర్రాళ్ళను వెతికేవాళ్ళు) ఓపిక పడతారు. "స్కేటింగ్ నేర్పొచ్చు, ఎత్తు నేర్పలేం కదా" అంటారు. 2003 డ్రాఫ్ట్ లీగ్ చరిత్రలోనే గొప్పవాటిలో ఒకటి. అందులో న్యూయార్క్ రేంజర్స్ 12వ పిక్‌గా హ్యూ జెస్సిమన్‌ని తీసుకుంది. 6 అడుగుల 6 అంగుళాల వింగర్. ఎన్‌హెచ్‌ఎల్‌లో అతను ఆడింది మొత్తం 2 మ్యాచ్‌లు, అవి కూడా వేరే జట్టుకు. 13వ పిక్‌గా లాస్ ఏంజెలెస్ తీసుకున్న డస్టిన్ బ్రౌన్ 6 అడుగులవాడు. అతను కెప్టెన్‌గా 2012, 2014లో రెండు స్టాన్లీ కప్పులు (లీగ్ ఛాంపియన్‌కి ఇచ్చేవి) ఎత్తాడు. బ్రౌన్ కూడా బాగా గుద్దేవాడే. సైజు మాత్రం లీగ్ సగటు కంటే ఒక అంగుళం తక్కువే. అదే డ్రాఫ్ట్‌లో 205వ పిక్ దాకా ఎవరికీ అక్కర్లేకుండా మిగిలిపోయినవాడు జో పవెల్‌స్కీ. 5 అడుగుల 11 అంగుళాలు. మీ డాలస్‌కే ఆడినవాడు, అతని గురించి మీకు నేను చెప్పేదేముంది! పాపం జెస్సిమన్‌ని వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు, డ్రాఫ్ట్ నాటికి ఆ కుర్రాడికి పందొమ్మిదేళ్ళు. తప్పు కొలతబద్దది. ఆకారపుష్టి చూసి మురిసిపోతే అప్పుడప్పుడూ నైవేద్యనష్టి తప్పదు మరి.

పొట్టివాళ్ళకు ఆ ఓపిక దక్కదు. మార్టిన్ సెయింట్ లూయీ 5 అడుగుల 8 అంగుళాలు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. కాల్గరీలో కొన్నాళ్ళు ఆడించి 2000లో వదిలేశారు. టాంపా బే తీసుకుంది. 2003-04లో లీగ్‌లో అందరికంటే ఎక్కువగా 94 పాయింట్లు చేసి, హార్ట్ ట్రోఫీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడికి ఇచ్చేది) అందుకుని, అదే ఏడాది కప్పు కూడా గెలిచాడు. 2013లో, 37 ఏళ్ళ వయసులో, మళ్ళీ లీగ్ టాప్ స్కోరర్. అతని తొడలు చూస్తే ఆ ఆటకు మూలం ఎక్కడుందో అర్థమవుతుంది. ఎవరైనా గుద్దితే పైనున్న పొడుగువాడే తూలేవాడు, ఇతను కిందనుంచి స్కేట్ అంచుల మీద కదలకుండా నిలబడేవాడు. కిందికి వంగి నిలబడినవాణ్ణి పడగొట్టడం కష్టం, ఇందులో మాయేమీ లేదు. సిడ్నీ క్రాస్బీ 5 అడుగుల 11 అంగుళాలే. మూలల్లో పక్‌ని వెనకపెట్టుకుని అతను తిరుగుతుంటే 6 అడుగుల 5 అంగుళాల డిఫెన్స్‌మన్ వీపును తోస్తూ ఉండిపోతాడు, పక్ మాత్రం దొరకదు.

ఇక థియో ఫ్లూరీ. 5 అడుగుల 6 అంగుళాలు. 1987లో 166వ పిక్. 1989లో కాల్గరీతో కప్పు, కెరీర్‌లో 1084 మ్యాచ్‌లు, 455 గోల్స్. అతను ఆడిన కాలం గుర్తుంచుకోవాలి. అప్పట్లో స్టిక్‌తో కొక్కెం వేసి లాగినా, జెర్సీ పట్టుకు వేలాడినా రిఫరీలు చాలాసార్లు చూసీ చూడనట్టు వదిలేసేవారు. 2004-05 లాకౌట్ (యజమానులకూ ఆటగాళ్ళకూ గొడవై ఆ సీజన్ ఆగిపోయింది) తర్వాత 2005-06 నుంచి లీగ్ ఆ పట్టుకోవడాలు, లాగడాల మీద గట్టిగా పెనాల్టీలు ఇవ్వడం మొదలుపెట్టింది. పొడుగాటి పాస్‌లకు అడ్డుగా ఉన్న రెండు లైన్ల నిబంధన తీసేసింది. దాంతో వేగం ఉన్నవాడికి దారి దొరికింది. ఇవాళ పొట్టి ఫార్వర్డ్‌లు ఇంతమంది కనిపిస్తున్నారంటే జనం మనసు మారడం కంటే రూలు మారడమే పెద్ద కారణమని నా అభిప్రాయం. మనసు ఇంకా పూర్తిగా మారలేదు. 2018-19లో అమెరికా అండర్-18 జట్టుకు 72 గోల్స్ కొట్టి రికార్డు పెట్టిన కోల్ కాఫీల్డ్ 2019 డ్రాఫ్ట్‌లో 15వ పిక్ దాకా ఆగాడు. 5 అడుగుల 8 అంగుళాలవాడు కాకుండా 6 అడుగుల 1 అంగుళం ఉంటే అంతదాకా ఆగేవాడా? మీరే చెప్పండి.

గోల్ ముందు నిలబడడం ఇంకో పరీక్ష. ఇది పూర్తిగా పెద్దవాళ్ళ స్థలమని అందరూ అనుకుంటారు. అక్కడ నిలబడినవాడికి వెనక నుంచి నడుము మీద క్రాస్ చెక్‌లు (రెండు చేతులతో అడ్డంగా పట్టిన స్టిక్‌తో తోయడాలు), మణికట్టు మీద స్టిక్ దెబ్బలు, పై నుంచి గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే పక్‌లు. పక్ అంటే 170 గ్రాముల గట్టి రబ్బరు. తప్పుకోకూడదు, ఎందుకంటే తప్పుకుంటే గోలీకి పక్ కనిపిస్తుంది. కళ్ళు మూయకూడదు, ఎందుకంటే అదే పక్‌ని స్టిక్ మొనతో దారి మళ్ళించాలి. డెట్రాయిట్ తోమస్ హోల్మ్‌స్ట్రోమ్ ఈ పని మీదే బతికాడు. 6 అడుగులు, 1994లో 257వ పిక్. గోల్ ముందుండే నీలి రంగు చోటు అంచు మీద స్కేట్ పెట్టి, గోలీ మొహంలో వీపు పెట్టి నిలబడేవాడు. నాలుగు కప్పులు గెలిచాడు. అతని కంటే ముందు డీనో సిసరెల్లీ ఉన్నాడు. 5 అడుగుల 10 అంగుళాలు. జూనియర్స్‌లో తొడ ఎముక విరిగింది. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు. గోల్ ముందు తన్నులు తింటూనే 608 గోల్స్ కొట్టాడు.

నాకు బాగా నచ్చే ఉదాహరణ మాంట్రియాల్ బ్రెండన్ గాలఘర్. 5 అడుగుల 9 అంగుళాలు, 147వ పిక్. అతని ఎడమ చెయ్యి 2015లో ఒక షాట్ తగిలి విరిగింది. 2017 జనవరిలో అదే చెయ్యి మళ్ళీ విరిగింది, ఈసారి కొట్టింది సొంత జట్టు షే వెబర్. వెబర్ స్లాప్ షాట్ (స్టిక్ వెనక్కి ఎత్తి బలంగా కొట్టే షాట్) ఎలాంటిదో హాకీ చూసేవాళ్ళకు చెప్పక్కర్లేదు. 2020 ప్లేఆఫ్స్‌లో (కప్పు కోసం జరిగే నాకౌట్ దశలో) క్రాస్ చెక్ తగిలి దవడ విరిగింది. ప్రతిసారీ తిరిగొచ్చి సరిగ్గా అక్కడే నిలబడ్డాడు. విరిగిన చోటికే తిరిగి వెళ్ళడం ఏ జిమ్‌లోనూ నేర్పరు. మొదటిసారి ధైర్యంగా వెళ్ళేవాళ్ళు చాలామంది ఉంటారు. దెబ్బ తిన్న తర్వాత రెండోసారి ఎంత దగ్గరగా వెళ్తాడన్నదే నేను చూస్తాను.

హిట్ల లెక్కలు చూసి ఎవరు గట్టివాడో తేల్చేసేవాళ్ళకు ఒక మాట. హిట్ ఇవ్వాలంటే పక్ నీ దగ్గర ఉండకూడదు. రోజూ హిట్లలో ముందున్న జట్టు అంటే రోజూ పక్ వెంట పడుతున్న జట్టు కూడా కావచ్చు. పైగా ఆ లెక్క రాసేది ఏ రింక్‌కు ఆ రింక్ మనుషులు. ఒకడు హిట్ అన్నదాన్ని ఇంకొకడు రాయడు.

ఫైటింగ్ అయితే అసలు వేరే సంగతి. 2024 ఫిబ్రవరిలో రేంజర్స్ తరఫున మాట్ రెంపీ మొదటి మ్యాచ్ ఆడాడు. 6 అడుగుల 8 అంగుళాల పైమాటే. ఆట మొదలైన క్షణాల్లోనే గ్లవ్స్ కింద పడేసి ఫైట్‌కి దిగాడు. ఊరంతా పేరు మోగింది. కానీ పేరు వేరు, మ్యాచ్‌లో దొరికే నిమిషాలు వేరు. కోచ్ ఒక వింగర్‌ని పదిహేను నిమిషాలు ఆడించాలంటే ఫైట్ గెలిచాడా అని చూడడు, బోర్డు దగ్గర పక్ బయటికి తీయగలడా అని చూస్తాడు.

పొట్టివాళ్ళ మొండితనం గురించి మాట్లాడితే బ్రాడ్ మార్షాండ్ పేరు రాక మానదు. 5 అడుగుల 9 అంగుళాలు, 80 కిలోలు, 2006లో 71వ పిక్. 2011లో బోస్టన్ కప్పు గెలిచిన ప్లేఆఫ్స్‌లో 11 గోల్స్, అందులో 2 ఫైనల్ ఏడో మ్యాచ్‌లోనే. 2025లో ఫ్లోరిడా తరఫున, 37 ఏళ్ళ వయసులో, ఎడ్మంటన్‌తో ఫైనల్లో 6 గోల్స్. రెండో మ్యాచ్ డబుల్ ఓవర్‌టైమ్‌లో గెలిపించింది అతనే. పిల్లలకు అతన్ని చూపించేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త కావాలి. అతని సస్పెన్షన్ల జాబితా పొడుగైనది. మోచేతులు, కాళ్ళ కింద దూరడాలు, ఎదుటివాళ్ళ మొహం నాకడం దాకా వెళ్ళాడు. అదంతా మొండితనం కింద జమకట్టే అభిమానులున్నారు. నేను జమకట్టను. అతని గొప్పతనమంతా ముప్పై ఏడేళ్ళ వయసులో కూడా తనకంటే అరడుగు పొడుగువాడి కంటే ముందు పక్ దగ్గరికి చేరడంలో ఉంది.

ఎవరూ గట్టివాడని పిలవని ఇంకొకణ్ణి కూడా ఇక్కడే తలుచుకోవాలి. ఫిల్ కెసెల్. హిట్లు ఇవ్వడు, మూలల్లోకి అంత ఇష్టంగా వెళ్ళడు, ఒళ్ళు కూడా అథ్లెట్ ఒళ్ళులా ఉండదని అందరూ ఎగతాళి చేసేవారు. ఇరవై ఏళ్ళు నిండకముందే కేన్సర్ వచ్చి ఆపరేషన్ అయింది. ఆ తర్వాత 2009 నవంబరు నుంచి మొదలుపెట్టి రెగ్యులర్ సీజన్‌లో వరుసగా 1064 మ్యాచ్‌లు ఆడాడు, ఒక్కటీ వదల్లేదు. లీగ్ రికార్డు అది. మూడు కప్పులు. ఇది గట్టితనం కాకపోతే ఇంకేమిటో నాకు తెలియదు.

ఒంటి బలం కొలతల గురించి అడిగారు కాబట్టి సామ్ బెనెట్ సంగతి. 2014లో డ్రాఫ్ట్‌కు ముందు జరిగే ఫిట్‌నెస్ పరీక్షల్లో అతను ఒక్క పుల్-అప్ కూడా తీయలేకపోయాడు. టీవీల్లో, పేపర్లలో అదే వార్త. అయినా కాల్గరీ నాలుగో పిక్‌గా తీసుకుంది. ఆ తర్వాత భుజానికి సర్జరీ కూడా అయింది. 2025 ప్లేఆఫ్స్‌లో ఫ్లోరిడా తరఫున 15 గోల్స్ కొట్టి, కాన్ స్మైత్ ట్రోఫీ (ప్లేఆఫ్స్‌లో అత్యంత విలువైన ఆటగాడికి ఇచ్చేది) అందుకున్నది అతనే. ఆ గోల్స్‌లో చాలావరకు గోల్ ముందరి రద్దీలోంచి వచ్చినవే.

నొప్పి భరించడం గురించి హాకీలో కథలకు కొదవ లేదు. 2013లో పిట్స్‌బర్గ్‌తో మ్యాచ్‌లో బోస్టన్ నాలుగో లైన్ సెంటర్ గ్రెగరీ క్యాంబెల్ పెనాల్టీ కిల్‌లో (పెనాల్టీ పడి జట్టు ఒక మనిషి తక్కువతో ఆడుతున్నప్పుడు) ఎవ్‌గెనీ మాల్కిన్ షాట్‌కు కాలు అడ్డం పెట్టాడు. ఎముక విరిగింది. లేచి నిలబడ్డాడు. స్కేట్ చేయలేడు, విరిగిన కాలు మీద బరువు మోపలేడు. ఒంటికాలి మీద కుంటుతూ, పాస్ వెళ్ళే దారిలో స్టిక్ చాపి, దాదాపు నిమిషం పాటు తన చోటు వదల్లేదు. పక్ బయటికి వెళ్ళాకే బెంచీ వైపు కదిలాడు. అదే ఏడాది ఫైనల్లో పట్రీస్ బెర్జరాన్ విరిగిన పక్కటెముకతో, పక్కకు తప్పిన భుజంతో ఆడి, ఆరో మ్యాచ్ అయ్యాక ఊపిరితిత్తికి చిల్లు పడి ఆస్పత్రిలో చేరాడు. మీ డాలస్ 1999లో గెలిచిన కప్పులో మైక్ మొడానో ఫైనల్ చివరి మ్యాచ్‌లు విరిగిన మణికట్టుతోనే ఆడాడు. వీళ్ళలో క్యాంబెల్, బెర్జరాన్ మామూలు సైజువాళ్ళు, మొడానో పొడుగువాడు. నొప్పికి సైజుతో పనిలేదు.

తలకు కూడా సైజుతో పనిలేదు. మీ వాడి విషయంలో నేను నొక్కి చెప్పదలచుకున్నది ఇదే. ఎరిక్ లిండ్రోస్ 6 అడుగుల 4 అంగుళాలు, దాదాపు 109 కిలోలు. ఆ కాలంలో అతనంత భారీ, అంత చేవ ఉన్న ఫార్వర్డ్ మరొకడు లేడు. పాల్ కరియా 5 అడుగుల 10 అంగుళాలు, గాల్లో తేలినట్టు స్కేట్ చేసేవాడు. ఈ ఇద్దరినీ న్యూజెర్సీ డిఫెన్స్‌మన్ స్కాట్ స్టీవెన్స్ మధ్య మంచులో పడగొట్టాడు, లిండ్రోస్‌ని 2000 మే 26న, కరియాని 2003 జూన్‌లో ఫైనల్ ఆరో మ్యాచ్‌లో. లిండ్రోస్ తల వంచుకుని బ్లూ లైన్ దాటుతున్నాడు. కరియా పాస్ ఇచ్చి పక్ వైపే చూస్తున్నాడు. ఇద్దరికీ అంతకు ముందు నుంచే కన్‌కషన్లు (దెబ్బకు మెదడు అదరడం) ఉన్నాయి, ఇద్దరి కెరీర్లనూ చివరికి అవే తినేశాయి. కరియా ఆ రోజు కదలకుండా పడిపోయి, లోపలికి వెళ్ళి, అదే మ్యాచ్‌లో తిరిగొచ్చి గోల్ కొట్టాడు. జనం ఇప్పటికీ ఆ గోల్‌ని చప్పట్లతో గుర్తుచేసుకుంటారు. నాకు మాత్రం చూసిన ప్రతిసారీ కడుపులో తిప్పుతుంది. తలకు తగిలేలా పక్క నుంచి కొట్టే చెక్‌ల మీద లీగ్ ప్రత్యేకంగా రూలు పెట్టింది 2010లో. అప్పటికి ఈ ఇద్దరికీ ఆలస్యమైపోయింది.

ఇక మీ వాడి సంగతి. అమెరికాలో 2011 నుంచి 12 ఏళ్ళ లోపు విభాగంలో బాడీ చెకింగ్ లేదు, 14 ఏళ్ళ లోపు విభాగంలో మొదలవుతుంది. పిల్లల సైజుల్లో తేడా ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ రెండేళ్ళలోనే. ఒకడికి మీసం వచ్చేస్తుంది, పక్కవాడు ఇంకా చిన్నపిల్లాడిలా ఉంటాడు. ఇప్పుడు పెద్దగా ఉన్నవాడు పదిహేడేళ్ళకూ పెద్దవాడిగానే ఉంటాడన్న గ్యారంటీ లేదు. కాబట్టి ప్రొటీన్ డబ్బాలు కొని బరువు పెంచే ఆలోచన మానేయండి. ఆ బరువు ఎక్కువగా పొట్టకు చేరుతుంది, స్కేటింగ్ మందగిస్తుంది. కాళ్ళు, నడుము గట్టిపడేలా సొంత బరువుతో చేసే స్క్వాట్లు, ఒంటికాలి మీద బ్యాలెన్స్ వ్యాయామాలు చాలు.

ఈ వేసవిలో నేర్పాల్సింది దెబ్బ తీసుకునే పద్ధతి. బోర్డుకు మూడు నాలుగు అడుగుల దూరంలో ఉండగా తగిలే దెబ్బ అన్నిటికంటే ప్రమాదం, మనిషి నేరుగా బోర్డులోకి ఎగిరి పడతాడు. బోర్డుకు ఆనుకునే ఉంటే దెబ్బ ఒళ్ళంతా పంచుకుంటుంది. తల పైకే ఉండాలి, ఎప్పుడూ వంచకూడదు. పక్ వచ్చేలోపు భుజం మీదుగా ఒకసారి, వీలైతే రెండుసార్లు వెనక్కి చూసుకోవాలి. బోర్డుకు మొహం పెట్టి నిలబడకూడదు, పక్కకు తిరిగి తుంటి ఆనించాలి. చిన్న పిల్లలతో మేం దీన్ని ఆటలాగే చేయిస్తాం. ఒకడు బోర్డు దగ్గర పక్ అందుకుంటాడు, ఇంకొకడు నడిచొచ్చి భుజం ఆనిస్తాడు. మెల్లగా వేగం పెంచుతాం. కొన్ని వారాలకు కాలు లేవడం తగ్గుతుంది. అప్పుడు పిల్లవాడికి తన మీద తనకే నమ్మకం కుదురుతుంది, టెన్షన్ తగ్గుతుంది. పెద్ద పిల్లలతో పోలిస్తే అంగుళాలు తక్కువైనా, తుంటి కింద ఉంటుంది కాబట్టి పొట్టివాడికి ఇందులో కాస్త లాభమే.

తలకు దెబ్బ తగిలి తలనొప్పో, వెలుతురు చూడలేకపోవడమో, ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడగడమో కనిపిస్తే ఆ రోజుకు ఆట ఆపేసి డాక్టర్‌కి చూపించండి. మళ్ళీ మంచు మీదికి ఎప్పుడు దిగాలో డాక్టరే చెప్పాలి, కోచ్ కాదు, మీరూ కాదు. "బాగానే ఉంది నాన్నా" అని వాడు అబద్ధం చెప్తాడు. ఈ ఆట ఆడే పిల్లలందరూ చెప్తారు.

మీరు రాయని విషయం ఒకటి నాకు కావాలి. వాడు ఎడమచేతి షాట్ కొడతాడా, కుడిచేతి షాటా? ఎడమ బోర్డు దగ్గర ఎడమచేతివాడికి ఆ పక్ ఫోర్‌హ్యాండ్ మీద వస్తుంది, తేలిగ్గా ముందుకు తోసేయొచ్చు. కుడిచేతివాడు బ్యాక్‌హ్యాండ్ మీద అందుకోవాలి, అరక్షణం ఎక్కువ పడుతుంది, ఆ అరక్షణంలోనే దెబ్బ తగిలేది. కుడిచేతివాడైతే బోర్డు మీద స్కేట్‌తో పక్‌ని ఆపి స్టిక్‌కి అందించుకోవడం ముందుగా నేర్పాలి. అది చెప్తే ఏ డ్రిల్స్‌తో మొదలుపెట్టాలో రాస్తాను.